ఇసుకే కదా అని డస్ట్‌బిన్‌లో వేశాం, ఇప్పుడు వెనకటి తారీఖులతో సంతకం పెట్టమంటున్నారు

ఈ ఉత్తరం రాసినామె పేరు వేయొద్దంది, వేయడం లేదు. వయసు 26, ఎమ్మెస్సీ ఆర్గానిక్ కెమిస్ట్రీ. హైదరాబాద్ శివార్లలో ఒక చిన్న కాంట్రాక్ట్ రీసెర్చ్ ల్యాబ్‌లో మూడేళ్లుగా పని చేస్తోంది. పన్నెండు మంది కెమిస్టులు, ఒక గ్రూప్ లీడర్, ఆయన పైన డైరెక్టర్. ఉత్తరం పొడుగ్గా ఉంది, ఒకే సంగతి మూడుసార్లు వచ్చింది, కాబట్టి సారాంశం నేనే చెప్తాను.

వాళ్ల ల్యాబ్‌లో ఒక్కొక్కరూ వారానికి మూడు కాలమ్‌ల దాకా వేస్తారట. కాలమ్ అంటే గాజు గొట్టంలో సిలికా అనే తెల్లటి పొడి నింపి, పైనుంచి సాల్వెంట్, అంటే కరిగించే ద్రవం, పోసి, రియాక్షన్‌లో వచ్చిన పదార్థాలని విడదీయడం. అయిపోయాక వాడేసిన సిలికాని మామూలు డస్ట్‌బిన్‌లో, నల్ల కవర్‌లోకి దులిపేస్తారు. టీఎల్‌సీ ప్లేట్లు (రియాక్షన్ ఎంతదాకా వచ్చిందో చూసే చిన్న పలకలు), కేపిలరీలు (వాటి మీద చుక్క పెట్టే సన్న గాజు గొట్టాలు), టిష్యూలు, గ్లౌజులు అన్నీ అందులోకే. మూడు వారాల కిందట ఒక సాయంత్రం, క్యాబ్ వెళ్లిపోతుందన్న తొందరలో, డీసీఎం (డైక్లోరోమీథేన్), మెథనాల్ అనే సాల్వెంట్లతో నడిపిన కాలమ్‌ని సరిగా ఆరకుండానే ఆ కవర్‌లో దులిపేసి ఇంటికెళ్లింది. పొద్దున హౌస్‌కీపింగ్ పెద్దమ్మ వచ్చి, కవర్ నిండిపోయిందని చేత్తో అదిమి మూతి కట్టబోతే, లోపలి గాలంతా పొడితో సహా ఆవిడ ముఖానికి కొట్టింది. కళ్లు మంట, దగ్గు. రెండు రోజులకి ముంజేతుల మీద దద్దుర్లు. గ్రూప్ లీడర్ విని, "సిలికా అంటే ఇసుకే కదమ్మా, దీన్ని పెద్దది చేయకు" అన్నాడట. అంతటితో అయిపోయింది, ఎక్కడా రాయలేదు.

ఇప్పుడు వచ్చే నెలలో కస్టమర్ ఆడిట్ ఉంది, అంటే పని ఇచ్చే కంపెనీ వాళ్లు వచ్చి ల్యాబ్‌నీ రికార్డులనీ చూస్తారు. గ్రూప్ లీడర్ ఒక కొత్త రిజిస్టర్ తెచ్చి ఈ అమ్మాయి చేతిలో పెట్టి, గడిచిన ఆరు నెలలకి వాడేసిన సిలికా ఎంత పోగైంది, ఎంత పంపించాం అన్నది వెనకటి తారీఖులతో నింపి సంతకం పెట్టమన్నాడు. పెట్టకపోతే అప్రైజల్ సంగతి ఏమవుతుందో తెలుసు కదా అన్నట్టు చూశాడట. ఇంట్లో తమ్ముడి ఫీజులు, నాన్న అప్పు.

వీటన్నిటికంటే ఆమెకి నిద్ర పట్టనివ్వనిది ఇంకొకటి. రెండు నెలల కిందట పెద్దమ్మ అడిగితే ఖాళీ సిలికా డబ్బా ఒకటి కడిగి ఇచ్చింది. మంచి గట్టి డబ్బా, బిగుతు మూత. పెద్దమ్మ దాన్లో బియ్యం పోసుకుంటోంది. అంతకుముందు ఆ డబ్బాలో వాడేసిన సిలికా వేసి పెట్టామో లేదో ఈ అమ్మాయికి గుర్తు రావడం లేదు. "అక్కా, నన్ను చెల్లెలనుకుని చెప్పండి. ఆవిడకి సిలికోసిస్ వస్తుందా? సంతకం పెట్టాలా వద్దా? అసలు ఆ సిలికాని ఏం చేయాలి?" ఇవీ ప్రశ్నలు.

చెల్లెలనుకోమన్నావు కాబట్టి మీరు అనడం మానేస్తున్నాను.

ముందు పెద్దమ్మ. సిలికోసిస్ అంటే సిలికా పొడి పీల్చితే వచ్చే ఊపిరితిత్తుల జబ్బు, దాని భయం పక్కన పెట్టు. ఆ జబ్బు తెచ్చేది స్ఫటిక రూపంలో ఉండే సిలికా, అంటే క్వార్ట్జ్ లాంటిది. రాళ్లు కొట్టేచోట, పలుగురాయి పొడి చేసే మిల్లుల్లో ఏళ్ల తరబడి పీల్చినవాళ్లకి వస్తుంది. మనం కాలమ్‌లో పోసే సిలికా జెల్ స్ఫటికం కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ కింద పనిచేసే క్యాన్సర్ పరిశోధన సంస్థ 1997లో ఈ రెంటినీ వేరువేరు గుంపుల్లో పెట్టింది. స్ఫటిక సిలికా మనిషికి క్యాన్సర్ తెచ్చేదానిగా, స్ఫటికం కాని సిలికా అలా తేల్చడానికి ఆధారం చాలనిదిగా. అలాగని మన సిలికా పొడి పీల్చినా పర్వాలేదని కాదు. ఇలాంటి కాలమ్‌కి వాడే సన్న రకం రేణువులు 40 నుంచి 63 మైక్రాన్ల (మిల్లీమీటర్‌లో వెయ్యో వంతు ఒక మైక్రాన్) మధ్య ఉంటాయి, వాటితో పాటు ఇంకా సన్నటి నుసి ఉంటుంది, అది ముక్కునీ గొంతునీ ఎండగట్టి గీరుతుంది. దగ్గు అందుకే వచ్చి ఉండొచ్చు.

నన్ను ఆపింది దద్దుర్లు. ఇసుక దద్దుర్లు తేదు.

మీ గ్రూప్ లీడర్ మాట ఎలా ఉందంటే, చేపలు కడిగిన నీళ్లని చూపించి "నీళ్లే కదా" అన్నట్టుంది. కొత్త సిలికా రసాయనపరంగా దాదాపు ఇసుకే, ఒప్పుకుంటాను. వాడేసిన సిలికా అంటే సిలికా, దాని రంధ్రాల్లో మిగిలిన సాల్వెంట్, పైభాగంలో కదలకుండా అతుక్కుపోయిన గోధుమరంగు పట్టీ. ఆ పట్టీలో ఏముందో నీకు తెలుసు, పెద్దమ్మకి తెలియదు. రియాక్షన్‌లో మిగిలిపోయిన రీజెంట్లు, పక్కన పుట్టిన చెత్త, ఇంకా ఎవరూ విషపరీక్ష చేయని కొత్త కాంపౌండ్. నువ్వు ఎక్కువగా అమైడ్ కప్లింగులే (రెండు అణువులని అమైడ్ బంధంతో అతికించే రియాక్షన్లు) చేస్తానని రాశావు. డీసీసీ, హెచ్‌ఏటీయూ లాంటి కప్లింగ్ రీజెంట్లు చర్మానికి పడక అలర్జీ తెస్తాయని కెమిస్టులందరికీ తెలిసిందే. ఒకసారి ఒంటికి పడకపోవడం మొదలైతే తర్వాత కొంచెం తగిలినా ఒళ్లు గుర్తుపడుతుంది, అదీ ఇబ్బంది.

కాబట్టి ఈ వారంలోనే ఆవిడని చర్మం డాక్టరుకి చూపించే ఏర్పాటు చెయ్యి. ఒట్టి చేతులతో పంపకు. ఆ రోజుకి, ముందు రెండు రోజులకి నీ నోట్‌బుక్ తిరగేసి ఆ డస్ట్‌బిన్‌లో పడిన వాటి పేర్లు ఒక కాగితం మీద రాసి, వాటి ఎంఎస్‌డీఎస్‌లు (రసాయనం వల్ల వచ్చే ప్రమాదాలు, జాగ్రత్తలు చెప్పే కాగితాలు) ప్రింట్ తీసి ఇవ్వు. క్లయింట్ కాంపౌండ్ పేరు బయటికి చెప్పకూడదనే నిబంధన ఉంటుంది, అది నాకూ తెలుసు. ఆ స్ట్రక్చర్ రాయక్కర్లేదు, రీజెంట్లు, సాల్వెంట్లు, ఏ రకం కాంపౌండ్ అన్నది రాస్తే డాక్టరుకి చాలు. ఆవిడ కాంట్రాక్టర్ కింద పని చేస్తోందన్నావు. నెల జీతం 21,000 లోపు ఉంటే ఈఎస్ఐ ఉండాలి. కార్డు ఉందా, ఆవిడ చేతికి ఇచ్చారా, లేక కాంట్రాక్టర్ దగ్గరే ఉండిపోయిందా అడుగు. చాలామందికి జీతంలో కోత పడుతుంది కానీ నంబరు కూడా తెలియదు. పని వల్ల వచ్చిన బాధ అని డాక్టరు చీటీలో ఒక ముక్క ఉంటే రేపు ఆవిడకి అదే ఆధారం.

నీ వల్లే జరిగిందా అని మూడుచోట్ల అడిగావు. కొంత నీ వల్లే. తడి కాలమ్‌ని దులిపేసి వెళ్లింది నువ్వే, ఆ మాట నీకు నువ్వు చెప్పుకోవాల్సిందే. కానీ ఆ డస్ట్‌బిన్‌ని అక్కడ పెట్టి, ఇంకో డబ్బా పెట్టనిది నువ్వు కాదు. ఆ రోజు నువ్వు కాకపోతే ఇంకొకరు. దీని గురించి ఇంతకంటే ఆలోచించకు, ఆవిడ దగ్గు తగ్గించేది అది కాదు.

ఇక సిలికాని ఏం చేయాలన్నది. నిజానికి నీ మూడు ప్రశ్నల్లో ఇదే తేలిక, అందుకే దీని మీద మీ ల్యాబ్ ఇన్నాళ్లు తప్పు చేయడం నాకు ఎక్కువ కోపం తెప్పిస్తోంది.

చివరి ఫ్రాక్షన్ (కింద నుంచి విడిగా పట్టే భాగం) పట్టాక కాలమ్‌ని అలా వదిలేయకు. పైనుంచి గాలిగానీ నైట్రోజన్‌గానీ పెట్టి, కింద నుంచి చుక్క పడటం ఆగేదాకా తోసెయ్యి, వచ్చిన సాల్వెంట్‌ని వేస్ట్ బాటిల్‌లో పట్టు. ఇంత చేసినా సిలికా పొడిగా ఉందనుకోకు. మామూలు కాలమ్ సిలికా తన రంధ్రాల్లోనే కిలోకి ముప్పావు లీటరు దాకా ద్రవం దాచుకోగలదు, చేతికి పొడిగానే తగులుతుంది. అది ఇథైల్ అసిటేట్ అయితే మైనస్ 4 డిగ్రీల దగ్గరే అంటుకునేంత ఆవిరి ఇస్తుంది, హెక్సేన్ అయితే మైనస్ 20 కంటే కిందే. మన ఎండాకాలంలో మూత లేని డస్ట్‌బిన్‌లో అది ఏం చేస్తుంటుందో ఊహించుకో. డీసీఎం సుమారు 40 డిగ్రీలకే మరుగుతుంది, గాలికంటే బరువైన ఆవిరి, నేలబారున పాకుతుంది. సరిగ్గా వంగి కవర్ కట్టేవాళ్ల ముఖం ఉండే ఎత్తులో. సాయంత్రానికి తల దిమ్ముగా ఉంటుందని నువ్వు ఎక్కడో మధ్యలో రాసి వదిలేశావు. డీసీఎం ఒంట్లోకి వెళ్లాక కొంత కార్బన్ మోనాక్సైడ్‌గా మారుతుంది, ఆ తలనొప్పిని నిద్ర చాలక అనుకోకు.

కొందరు తెలివిగా ట్రేలో పోసి మేడ మీద ఎండబెడతారు. వద్దు. ఓవెన్లో అసలే వద్దు, మామూలు ఓవెన్ కాయిల్‌కి సాల్వెంట్ ఆవిరి తగిలితే తలుపు ఎగిరి వచ్చి నీ మీద పడుతుంది. హుడ్‌లో (ఆవిరిని బయటికి లాగేసే అలమారాలో) మూత తీసి రోజుల తరబడి ఆరబెట్టడం కూడా పరిష్కారం కాదు, సాల్వెంట్‌ని నీ ముక్కులోంచి తీసి ఊరి ముక్కులో పెట్టడమే. పొడి ఎగరకుండా కాస్త తడిగా ఉన్నప్పుడే, హుడ్ లోపలే, కాలమ్‌ని ఒక మందపాటి కవర్‌లోకి వంచి, కింది కొన నుంచి కొద్దిగా గాలి ఇస్తే దిమ్మలాగా జారి పడుతుంది. గట్టిగా తట్టకు, కాలమ్ పగిలి చెయ్యి తెగిన వాళ్లని చూశాను. కవర్ మూతి అక్కడే కట్టి, బిగుతు మూత ఉన్న డ్రమ్ములో పెట్టి, ఆ డ్రమ్ము మీద "వాడేసిన సిలికా, సాల్వెంట్ తడి ఉంది" అని రాసిన చీటీ, ఎప్పుడు మొదలుపెట్టారో తారీఖు. 2016 నాటి ప్రమాదకర వ్యర్థాల నిబంధనల్లో ఈ చీటీకి ఒక నమూనా కూడా ఉంది, ఫారం 8 అంటారు. తెలుగులో కూడా రాయి. పెద్దమ్మ లాంటి వాళ్లకి అక్షరాలు రాకపోతే డ్రమ్ముకి ఎర్ర రంగు వేసి, ఎర్ర డ్రమ్ము ముట్టుకోవద్దు అని నోటితో చెప్పు.

ఆ పెద్దమ్మ ఒకసారి "ముగ్గుకి బాగుంటుంది, కొంచెం తీసుకెళ్లనా" అని అడిగిందని నవ్వుతూ రాశావు చూడు. నాకు నవ్వు రాలేదు. తెల్లగా, మెత్తగా, ముగ్గుపిండి కంటే బాగుంటుంది, ఎవరైనా తీసుకెళ్తారు.

మాస్కు సంగతి ఒక్క మాట. బట్ట మాస్కు, సర్జికల్ మాస్కు దేనికీ పనికిరావు. ఎన్95 పొడిని ఆపుతుంది, ఆవిరిని ఆపదు. పల్చటి నైట్రైల్ గ్లౌజుల్లోంచి డీసీఎం ఒకట్రెండు నిమిషాల్లోనే లోపలికి వచ్చేస్తుంది, పడిందంటే వెంటనే మార్చేయాలి. అందుకే హుడ్ లోపల చేయమనేది.

సిలికాతో కలపకూడనివి కొన్ని ఉన్నాయి. కేపిలరీలు, పగిలిన పిపెట్లు, హెచ్‌పీఎల్‌సీ మిషన్‌లో పెట్టే చిన్న గాజు సీసాలు గుచ్చుకోని గట్టి డబ్బాలోకి పోవాలి. కవర్‌లోంచి పొడుచుకొచ్చే కేపిలరీ ముక్క సన్నగా కనపడదు, దాని కొనకి మీ కాంపౌండ్ అంటుకునే ఉంటుంది. ప్లేట్లు వేరే కవర్‌లో, మచ్చలు కనపడటానికి పర్మాంగనేట్ లాంటి ద్రావణంలో ముంచినవి ఆరాకే. సాల్వెంట్ వేస్ట్‌లో డీసీఎం, క్లోరోఫామ్ ఉన్నవి ఒక బాటిల్, లేనివి ఇంకో బాటిల్. ఇది చాదస్తం కాదు. క్లోరోఫామ్, అసిటోన్ కలిసి ఉన్న బాటిల్లో కాస్త గట్టి క్షారం పడితే వేడెక్కి పేలుతుంది. అజైడ్ వాడిన రియాక్షన్‌ని డీసీఎంతో వర్కప్ చేయకూడదని (అంటే దాంతో కడిగి విడదీయకూడదని) ఎంఎస్సీలో చెప్పే ఉంటారు, వేస్ట్ బాటిల్‌కీ అదే వర్తిస్తుంది. బాటిల్‌ని మెడ దాకా నింపకు, ముప్పావు చాలు.

అన్నిటికంటే సెలైట్ (వడగట్టడానికి వాడే సన్నటి మట్టి పొడి) గురించి చెప్పాలి, ఎందుకంటే ఇందులో నేనూ మాట పడ్డాను. పదిహేనేళ్ల పైమాటే, అప్పుడు నేను చేసిన ల్యాబ్‌లో ఒక హైడ్రోజనేషన్ (హైడ్రోజన్ ఎక్కించే రియాక్షన్) అయ్యాక, అందులో వాడిన పల్లాడియం కార్బన్ అనే నల్ల పొడిని సెలైట్ మీద వడగట్టాను. మెథనాల్‌తో కడిగి, బాగా పీల్చేసి, చక్కగా ఆరిన నల్లటి బిళ్లని ఫిల్టర్ పేపర్‌తో సహా డస్ట్‌బిన్‌లో వేసి టీకి వెళ్లాను. తిరిగొచ్చేసరికి డస్ట్‌బిన్‌లోంచి సన్నగా పొగ, దగ్గరికెళ్తే టిష్యూల అంచులు ఎర్రగా కొరుకుతూ పోతున్నాయి. చప్పుడు లేదు, మంట లేదు, అగరొత్తి లాగా. నీళ్లు పోసి ఆర్పేశాం, పక్కనే అసిటోన్ పిచికారీ బాటిల్ ఉంది, అది గుర్తొస్తే ఇప్పటికీ అరచేతులు చెమటపడతాయి. హైడ్రోజన్ పట్టిన పల్లాడియం ఆరిపోతే గాలి తగలగానే తనంతట తనే అంటుకుంటుంది. దాన్ని ఎప్పుడూ పూర్తిగా ఆరనివ్వకు, నీళ్లతో తడిపి, నీళ్ల కిందే వేరే డబ్బాలో ఉంచు. పల్లాడియం తిరిగి తీసుకునేవాళ్లు దానికి డబ్బులు కూడా ఇస్తారు, మీ డైరెక్టరుకి ఆ మాట చెప్తే చెవిన పడొచ్చు. ఇంకోటి, నువ్వు సిలికోసిస్ గురించి అడిగావు కదా, బాగా కాల్చి తయారుచేసిన సెలైట్ రకాల్లో స్ఫటిక సిలికా ఉంటుంది. నీ భయం అక్కడ పెట్టుకో, పొడి సెలైట్ తూకం వేసేటప్పుడు.

సిలికాని కడిగి మళ్లీ వాడదామని మీ సీనియర్ అంటున్నాడన్నావు. కిలో సిలికా కడగడానికి లీటర్లకి లీటర్లు మెథనాల్ పోస్తే ఆ మెథనాలే కొత్త వేస్టు, పైగా క్లయింట్ కాంపౌండ్‌లో పాత బ్యాచ్ మచ్చ కనిపిస్తే ఎవరు సమాధానం చెప్తారు. దానికి బదులు ప్రతి క్రూడ్‌నీ (ఇంకా శుద్ధి చేయని సరుకునీ) కాలమ్‌కి ఎక్కించే అలవాటు తగ్గించుకోండి. ఒకసారి ఇథనాల్‌లో వేడి చేసి చల్లార్చి స్ఫటికాలు కడతాయేమో చూడటానికి పట్టే టైమ్ ఎంత.

ఇక రిజిస్టర్.

ఇందులో మీ గ్రూప్ లీడర్ గమనించని సంగతి ఒకటుంది. సిలికా రియాక్షన్‌లో ఖర్చయ్యే వస్తువు కాదు. కరగదు, ఆవిరవ్వదు. స్టోర్స్‌లోకి ఎంత వచ్చిందో అంతా, ఇంకాస్త బరువెక్కి, ఎప్పుడో ఒకప్పుడు బయటికి పోవాల్సిందే. నువ్వు రాసిన లెక్కే తీసుకుందాం, పన్నెండు మంది, వారానికి మూడేసి కాలమ్‌లు, కాలమ్‌కి 200 గ్రాములు. వారానికి ఏడు కిలోల పైన, ఆరు నెలలకి 180 కిలోలు దాటుతుంది. ఆ బిల్లులు అకౌంట్స్‌లో ఉన్నాయి. ఆడిటర్ కూర్చుని అడిగేది మీ రిజిస్టర్ కాదు, ముందు కొన్న బిల్లులు, తర్వాత మ్యానిఫెస్ట్‌లు, అంటే వ్యర్థం పంపినప్పటి రవాణా కాగితాలు. ప్రమాదకర వ్యర్థం లారీ ఎక్కితే ఫారం 10 ఏడు రంగుల ప్రతుల్లో ఉంటుంది, పంపినవాళ్ల దగ్గర పసుపు కాపీ మిగలాలి. మీ దగ్గర ఒక్క పసుపు కాగితం లేకుండా "పంపించాం" అని రిజిస్టర్‌లో ఉంటే, ఆ సంతకం ఎవరిదో వాళ్లనే పిలుస్తారు. అదీకాక ఆరు నెలల ఎంట్రీలు ఒకే పెన్ను, ఒకే చేతిరాత, ఒకే ఒత్తిడి, ఒక్క కొట్టివేత లేదు. కొత్తగా వచ్చిన ఆడిటర్‌కి కూడా అది కనపడుతుంది.

నీ ముందున్న దారులు చెప్తాను, ఏది పట్టుకోవాలో నీ ఇంటి పరిస్థితి నీకే తెలుసు.

సంతకం పెట్టేస్తే ఈ నెల ప్రశాంతంగా గడుస్తుంది. ఆడిట్ పైపైన జరిగితే ఎవరికీ తెలియకపోవచ్చు కూడా, అబద్ధం ఎందుకు చెప్పాలి. కానీ ఆ పుస్తకం ల్యాబ్‌లోనే ఉంటుంది, నువ్వు మానేసినా ఉంటుంది, వచ్చే ఆరు నెలలూ నువ్వే రాయాలి. పెద్దమ్మ లాంటి సంఘటన ఇంకోటి జరిగిన రోజు ఆ పుస్తకం ప్రకారం ల్యాబ్‌లో వాడేసిన సిలికా చెత్తలోకి వెళ్లనే లేదు, అంటే ఆవిడకి జరిగింది జరగనట్టే. నాకు ఇది మింగుడు పడదు.

మొహం మీద "పెట్టను" అని వచ్చేస్తే నీతి నిలబడుతుంది, అప్రైజల్ నిలబడకపోవచ్చు. ఆయన ఆ రిజిస్టర్‌ని ఇంకో జూనియర్‌కి ఇస్తాడు, అంతే తేడా.

మధ్యలో ఒక దారి ఉంది, నేనైతే ముందు అది చూస్తాను. మీ ల్యాబ్‌కి పొల్యూషన్ కంట్రోల్ బోర్డు ఇచ్చిన సీఎఫ్ఓ (ల్యాబ్ నడపడానికి అనుమతి పత్రం) కాపీ అడిగి చూడు. అందులో ఏ ప్రమాదకర వ్యర్థం, ఏడాదికి ఎంత, ఎక్కడికి పంపాలి అన్న పట్టిక ఉంటుంది. అందులో స్పెంట్ సాల్వెంట్ల లైను ఉండి, వాడేసిన సిలికా లైను లేకపోతే నేనేం ఆశ్చర్యపోను. చిన్న ల్యాబుల్లో చాలాసార్లు దుర్మార్గం కాదు జరిగేది, దరఖాస్తు పెట్టిన రోజున ఎవరో ఆ లైను మర్చిపోయారు, లైను లేదు కాబట్టి లారీ లేదు, లారీ లేదు కాబట్టి డస్ట్‌బిన్. మీ గ్రూప్ లీడర్‌కి కూడా ఈ ముడి ఎలా విప్పాలో తెలియక నీ మీద పడుతున్నాడేమో. అప్పుడు ఆయనతో ఇలా అనొచ్చు: "సార్, నేను తూకం వేయని వాటికి నేను సంతకం పెట్టలేను. ఈ రోజు తారీఖుతో మొదలుపెడతాను, ప్రతి డ్రమ్మూ తూకం వేసి రాస్తాను. వెనకటి ఆరు నెలలకి రికార్డు లేదని మనమే డీవియేషన్ రాసి, దిద్దుబాటు ఏం చేశామో చూపిద్దాం." డీవియేషన్ (పద్ధతి తప్పిందని రాసుకోవడం), కాపా (దిద్దుబాటు, మళ్లీ జరగకుండా చర్య) అనేవి ఫార్మాలో అందరికీ అర్థమయ్యే భాష. ఖాళీ ఉందని ఒప్పుకుని పని మొదలుపెట్టిన ల్యాబ్‌కి ఆడిటర్ ఒక అబ్జర్వేషన్ రాసి పోతాడు. దొంగ రిజిస్టర్ దొరికిన ల్యాబ్‌లో మీ ఎన్ఎంఆర్ (కాంపౌండ్ ఏదో తేల్చే పరీక్ష) డేటాని కూడా నమ్మడు. ఇది ఆయన భయానికి తగిలే మాట, నీతి గురించి మాట్లాడకుండా ఇదొక్కటే చెప్పు.

ఆడిట్‌కి నెల ఉంది కాబట్టి పని కూడా కదలొచ్చు. హైదరాబాద్ చుట్టుపక్కల ల్యాబులు, ఫ్యాక్టరీలు దుండిగల్‌లోని శుద్ధి కేంద్రానికి పంపుతాయి, విశాఖ వైపు వాళ్లకి పరవాడ ఉంది. ముందు సభ్యత్వం, తర్వాత శాంపిల్ పరీక్ష. ఆ ఫలితాన్ని బట్టి కాల్చాలా, పూడ్చాలా, సిమెంటు బట్టీకి ఇంధనంగా పంపాలా అని వాళ్లే చెప్తారు. పోగేసింది మామూలుగా 90 రోజుల్లోపు కదిలించాలి, చిన్న మొత్తాలకి బోర్డు గడువు పెంచొచ్చు. సీఎఫ్ఓలో లైను చేర్పించే దరఖాస్తు పెట్టినట్టు కాగితం చేతిలో ఉన్నా ఆడిట్ రోజున అది మాట్లాడుతుంది.

ఆయన ఒప్పుకోకపోతే డైరెక్టరుకి మెయిల్. పొడుగు వద్దు, ఫలానా రోజు ఫలానా సంఘటన జరిగింది, హౌస్‌కీపింగ్ మనిషికి దద్దుర్లు, సిలికాకి వేరే డ్రమ్ము కావాలి, రిజిస్టర్ ఈ తారీఖు నుంచి రాస్తున్నాను అని నాలుగు లైన్లు. ఎవరినీ తిట్టకు. కాపీ నీ దగ్గర ఉంచుకో, కానీ క్లయింట్ డేటా ఉన్న మెయిల్స్‌ని సొంత జీమెయిల్‌కి పంపుకోకు, దాన్ని పట్టుకుని నిన్నే దోషిని చేస్తారు. ఈ మెయిల్‌తో గ్రూప్ లీడర్‌కి నీకు మాటలు చెడతాయి, అది ఖాయం అనుకునే పంపు.

బోర్డుకి ఫిర్యాదు చేయడం నీ హక్కు. పేరు లేకుండా రాసినా పన్నెండు మందిలో ఎవరు రాశారో సాయంత్రానికి తెలిసిపోతుంది. తనిఖీ వస్తే నోటీసు, ఒక్కోసారి మూసివేత, మిగతా పదకొండు మంది జీతాలు. అందుకని మొదటి రోజే అటు వెళ్లమని నేను చెప్పలేను. కానీ మెయిల్ తర్వాత కూడా ఆ సిలికా నల్ల కవర్లలోనే మున్సిపాలిటీ ఆటో ఎక్కి జవహర్‌నగర్ చెత్త గుట్ట మీదకి పోతుంటే, అక్కడ ఆ కవర్లని చేతులతో విప్పే వాళ్లు ఉన్నారు, వాళ్లకి గ్లౌజులు కూడా లేవు. ఆ లెక్క కూడా వేసుకుని నిర్ణయించుకో.

మానేయడం అన్నిటికంటే తేలిగ్గా కనిపిస్తుంది. నోటీసు పీరియడ్, ఎక్స్‌పీరియన్స్ లెటర్ చూసుకుని వేరే చోట వెతుక్కోవడం తప్పేం కాదు, వెతకడం ఈ రోజే మొదలుపెట్టినా మంచిదే, చేతిలో ఇంకో ఆఫర్ ఉంటే మాట్లాడేటప్పుడు గొంతు వణకదు. ఈసారి ఇంటర్వ్యూలో ల్యాబ్ చూపించేటప్పుడు డస్ట్‌బిన్‌ల వైపు చూడు.

డబ్బా సంగతి మాత్రం ఇవేవీ తేలేదాకా ఆపకు. కొత్త సిలికా మాత్రమే ఉన్న డబ్బా అయితే పెద్ద ప్రమాదం లేదు. నీకు గుర్తు లేదంటున్నావు. గుర్తు లేదంటే వెనక్కి తీసుకోవడమే. కడిగానంటున్నావు కానీ ప్లాస్టిక్ సాల్వెంట్‌నీ దాంట్లో కరిగిన వాటినీ పీల్చుకుంటుంది, సబ్బు నీళ్లకి వదలదు. ఈ ఆదివారం స్టీలు డబ్బానో మంచి బియ్యం డ్రమ్మో ఒకటి కొను, దాన్నిండా బియ్యం పోయించు, ఉత్త డబ్బా తీసుకెళ్తే ఆవిడ పాత బియ్యాన్ని పారేయకుండా ఇందులోకి మార్చుకుంటుంది, ఎవరైనా అంతే చేస్తారు. క్యాన్సర్ అదీ అని భయపెట్టకు. "పెద్దమ్మా, ఆ డబ్బాలో ముందు మందు ఉండేది, నేను చూసుకోలేదు, తప్పు నాది" అని చెప్పు, ఆ బియ్యం కోళ్లకి కూడా వేయొద్దను. పాత బియ్యం ఆ డబ్బాలోనే ఉంచి మూతేసి సోమవారం ల్యాబ్‌కి పట్టుకురా. దాన్ని ఖాళీ చేసి ఏ మూలనో పెట్టకు, రసాయనాలు అంటిన ఖాళీ డబ్బా కూడా ఆ నిబంధనల ప్రకారం ప్రమాదకర వ్యర్థమే. తూకం వెయ్యి, చీటీ అంటించు, ఎర్ర డ్రమ్ము పక్కన పెట్టు. రిజిస్టర్‌లో మొదటి ఎంట్రీ అదే రాయి, సోమవారం తారీఖుతో.